మించిన, మీరిన, తలదన్నే: సారు ఫ్లెక్సీ మీద ఏ మాట రాయాలి?

కాజీపేట ప్యాసింజర్ | మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చిన్న సందేహమే, కానీ గురువారంలోపు తేలాలి. మా బడిలో 1994లో పదో తరగతి చదివిన వాళ్లం ఈ ఆదివారం హనుమకొండలో కలుస్తున్నాం. మా తెలుగు సారుకు సన్మానం. ఫ్లెక్సీ మీద వేసే వాక్యం రాసే పని నా మెడకు చుట్టారు. అప్పట్లో తెలుగులో నాకే ఎక్కువ మార్కులు వచ్చేవన్నది వాళ్ల వాదన.

నేను రాసింది ఇది: "పాఠం చెప్పడంలో అందరినీ మీరిన మా సారుకు వందనం."

వాట్సాప్‌లో పెట్టగానే గొడవ మొదలైంది. "మీరిన అంటే హద్దు మీరినట్టు, సారును పొగుడుతున్నావా, తిడుతున్నావా" అని ఒకడు. "అందరినీ తలదన్నే" అని పెట్టమని ఇంకొకడు. బ్యాంకులో పనిచేసే మిత్రుడు "అధిగమించిన" అంటున్నాడు. "మించిన" అంటే మరీ చప్పగా ఉందట. సారు ముందు తప్పు దొరికితే నా పరువు పోతుంది. పిలవడానికి వచ్చినవాళ్లు ఇచ్చిన పెళ్లి పత్రికను కూడా వాళ్ల ముందే ఎర్ర పెన్నుతో దిద్దే మనిషి ఆయన.

ప్రూఫు గది | మంగళవారం, రాత్రి 9:58

"మించిన" పెట్టి నిద్రపోండి. 25 ఏళ్లుగా పత్రికలో అచ్చుతప్పులు చూసుకుంటూ బతుకుతున్నాను. "మీరు" అన్న క్రియ మా దగ్గరికి వచ్చేది ఎప్పుడూ పోలీసు వార్తతోనే. మితిమీరిన వేగం, హద్దు మీరిన ప్రవర్తన, గడువు మీరిన మందులు. మంచి వార్తలో అది నాకు కనబడలేదు. ఇంకో సంగతి. రిటైరైన సారు ఫొటో కింద "మీరిన" అని ఉంటే చదివేవాడికి ముందు తోచేది "వయసు మీరిన" అనే.

కాజీపేట ప్యాసింజర్ | మంగళవారం, రాత్రి 10:03

అయ్యో, అది తట్టనే లేదు.

పాత పంతులు | బుధవారం, ఉదయం 6:15

ప్రూఫు గది మిత్రుడికి పోలీసు వార్తలు ఎక్కువైనట్టున్నాయి. ఈ క్రియ అంత చెడ్డది కాదు. పాత రాతలో దీనికి బండి ర, "మీఱు". కావ్యాలు తెరిస్తే చెలువు మీఱ, సొంపు మీఱ, వేడుక మీఱ అని అడుగడుగునా కనబడుతుంది. పెళ్లిపాటల్లో "ప్రేమ మీర" పిలవడం, "ముద్దు మీర" ఎత్తుకోవడం మీరంతా విన్నవే. అక్కడ ఎవరూ ఎవరి హద్దూ దాటలేదు. లోపల ఉన్న ప్రేమ పట్టక పైకి వచ్చింది, అంతే.

పాలు పొంగడం లాంటిది ఇది. కొత్త ఇంట్లో పొంగితే శుభం అంటాం, రోజూ పొద్దున పొంగితే ఇల్లాలు విసుక్కుంటుంది. పాలు అవే.

అయితే నేటి వాడుకలో మనిషి మీరితే నింద, గుణం మీరితే పొగడ్త. "సొగసు మీరిన చిత్రం" అనవచ్చు. "అందరినీ మీరిన సారు" అంటే మాత్రం ఆ మిత్రుడు అన్నట్టే వినబడుతుంది. మీ వాక్యం తప్పు కాదు, మూడు నాలుగు వందల ఏళ్లు ఆలస్యంగా వచ్చింది.

నిఘంటువు పురుగు | బుధవారం, ఉదయం 8:30

పంతులుగారూ, మీరిన గురించి మీరు చెప్పాక ఇక మేమేం చెప్పాలి. (ఈ వాక్యం చదివాకైనా ఆ క్రియ ఎందుకు వెనకబడిందో తెలుస్తుంది. "మీరు మీరితే" అని రాసి చూడండి.)

నాకు తోచినవి. మించు, మీరు, మిగులు, మిక్కిలి, మిన్న, చివరికి మీద. అన్నిటికీ ముందు "మి" ఉండటం ఊరికే జరిగిందని నేననుకోను. "మిగులు" చూడండి. ఇప్పుడు దాని అర్థం శేషించడం. కుండలో అన్నం మిగిలింది, చేతిలో పది రూపాయలు మిగిలాయి. పాత తెలుగులో అదే క్రియకు మించడం అన్న అర్థమూ ఉంది. "మిగుల సంతోషించెను" అన్నప్పుడు ఆ "మిగుల" అక్కడిదే. కన్నడంలో ఇప్పటికీ మిగిలు అంటే గొప్పది, మించినది. ఆలోచిస్తే తేడా చిన్నదే. అవసరాన్ని మించినదే కదా మిగిలేది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో "మిగులు బడ్జెట్" అన్న మాట ఊరి అరుగుల మీద కూడా వినబడేది. ఖర్చును ఆదాయం మించితే మిగులు.

ఇంకో "మించు" ఉంది. దీనితో కలపకండి. మించు అంటే మెరుపు. కావ్యాల్లో మించుబోడి అంటే మెరుపుతీగ లాంటి అమ్మాయి, ఎవరినో మించిన అమ్మాయి కాదు. కన్నడంలో మెరుపును ఇప్పటికీ మించు అనే అంటారు.

ఏనుమాముల మిర్చి | బుధవారం, ఉదయం 8:52

నేను ఇన్నాళ్లూ మించుబోడి అంటే అందరికంటే అందగత్తె అనుకున్నాను. ఒక శుభలేఖలో కూడా రాశాను. పెళ్లి బాగానే జరిగింది.

మానిక | బుధవారం, మధ్యాహ్నం 1:20

అన్నా, అర్థం సంగతి పెద్దలు చెప్పారు. నాకు చిక్కంతా విభక్తి దగ్గర. "తండ్రిని మించిన కొడుకు" అంటాం. "శక్తికి మించిన భారం" అంటాం. ఒకచోట ని, ఒకచోట కి. ఎందుకు?

మాది ములుగు వైపు పల్లె. మా నాయనమ్మ వడ్లు మానికతో కొలిచేది. మానిక నిండాక అరచేతిని అంచు మీద అడ్డంగా తోసి సాపు చేస్తే అది అప్పు ఇచ్చే కొలత. చుట్టూ రెండు చేతులు గోడలా పెట్టి, పైన గోపురంలా నిలబడేదాకా పోస్తే అది ఆడబిడ్డకు పంపే కొలత. గింజలు అంచు మీంచి జారుతుంటే "మానికకు మించి పోయకే, నేల పాలవుతున్నాయి" అని తాత అరిచేవాడు. "మానికను మించి" అని ఆయన ఎప్పుడూ అనలేదు. మానిక పోటీదారు కాదు కదా, అది గట్టు. ఎదుట ఉన్నది గట్టు అయితే కి, మనిషో మరొక పోటీదారో అయితే ని. నా లెక్క ఇది. సరిగ్గా ఉందా?

ప్రూఫు గది | బుధవారం, మధ్యాహ్నం 2:05

బాగా పట్టావు తమ్ముడూ. స్థోమతకు మించిన అప్పు, వయసుకు మించిన తెలివి, అవసరానికి మించి మాట్లాడటం, అన్నీ నీ గట్టు లెక్కలోకే వస్తాయి. మేడారం జాతర రోజుల్లో ఏటా కాకపోయినా రెండేళ్లకొకసారి మేము తప్పక రాసే వాక్యం "పరిమితికి మించి ప్రయాణికులను ఎక్కించుకున్న వాహనం". అక్కడ "పరిమితిని" అని వస్తే దిద్దుతాను.

కానీ అన్నిచోట్లా నిలబడదు. "అంచనాలకు మించి", "అంచనాలను మించి" రెండూ వస్తాయి, రెండూ వదిలేస్తాను. అంచనా గట్టూ అవుతుంది, పోటీదారూ అవుతుంది. ఎన్నికల ఫలితాల రోజు రాత్రి పదకొండు గంటలకు దాని గురించి కూర్చుని ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు.

గోదావరి ఒడ్డు | బుధవారం, సాయంత్రం 4:40

గట్టు అన్నారు కాబట్టి నా వంతు. మాది మంగపేట దగ్గర. వరద వార్తల్లో మించు రాదు, దాటు వస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48 దాటితే రెండవది, 53 దాటితే మూడవది. వానాకాలంలో ఇంట్లో అందరికీ ఆ మూడు అంకెలు నోటికి ఉంటాయి. "43 అడుగులను మించింది" అని ఎవరైనా రాస్తే నది ఎవరితోనో పందెం వేసినట్టుంటుంది.

తంగేడుపువ్వు | బుధవారం, రాత్రి 7:10

ఒక సంగతి ఎవరూ అనలేదు. మాట్లాడేటప్పుడు మనం ఈ క్రియను ఎంత తక్కువ వాడతామో చూశారా? "చెల్లెలు అక్కను మించింది" అని ఇంట్లో ఎవరైనా అంటారా? "అక్కను మించిపోయింది" అంటాం, "అక్కను మించినది" అంటాం, "వందకు మించదు" అంటాం. "మించింది" అని ఒంటరిగా వచ్చిందంటే అది పేపరు భాష. పక్కన "పోయింది" ఉండాలి, లేదా ముందు "అంతకు" ఉండాలి. అవేవీ లేకపోతే "కన్నా"తో పని కానిచ్చేస్తాం.

సద్దుల బతుకమ్మ నాడు మా వీధి చూడాలి. మా అమ్మ గునుగు పువ్వు కాడలు ఒకే పొడవుకు కోసి, రంగులో ముంచి ఆరబెట్టి, తాంబాలంలో గుమ్మడి ఆకు పరిచి వరుస తరువాత వరుస పేరుస్తుంది. ఒక వరుస తంగేడు, ఒక వరుస గునుగు, మధ్యలో ఆకులూ తుంచిన కాడలూ కుక్కి గట్టిపరుస్తుంది, లేకపోతే నడుము దగ్గర ఒరుగుతుంది. ఇంత చేస్తూ ఒక కన్ను గోడ అవతలే ఉంటుంది. పక్కింటి పిన్నిది ఎంత ఎత్తు వచ్చిందని. చివరికి ఆమె నోట వచ్చే మాట "వాళ్లదాని కన్నా మనది జానెడు ఎక్కువ" అనే. ఇంత పట్టుదలలోనూ "మించు" అన్న క్రియ ఆమెకు అవసరం రాదు.

నన్నయ కూడా అంతే. ఆదిపర్వంలో శకుంతల దుష్యంతుడితో అంటుంది కదా. నూరు నూతులకంటే ఒక బావి మేలు, నూరు బావులకంటే ఒక యజ్ఞం మేలు, నూరు యజ్ఞాలకంటే ఒక కొడుకు, నూరుగురు కొడుకులకంటే ఒక నిజమైన మాట. ఒకదాని మీద ఒకటి ఎక్కించుకుంటూ పోయింది, అదీ కంటెతో, మేలుతోనే.

ఏనుమాముల మిర్చి | బుధవారం, రాత్రి 8:00

మరి "తలదన్నే" సంగతి? సినిమా వార్తలన్నిటిలో అదే. నాకు భలే ఇష్టం ఆ మాట. "దిగదుడుపు" కూడా. "మా మార్కెట్‌లో మిర్చి రాశుల ముందు మిగతావన్నీ దిగదుడుపే" అని రోజుకు ఒకసారైనా అంటాను.

పాత పంతులు | గురువారం, ఉదయం 6:05

నాయనా, దిగదుడుపు అంటే తెలిసే వాడుతున్నావా? బిడ్డకు దిష్టి తగిలిందని ఉప్పో, మిరపకాయలో చుట్టూ తిప్పి, తల మీంచి కిందికి దింపి తుడిచి పారేస్తారు చూడు, అది. "ఆమె అందం ముందు రంభ దిగదుడుపు" అంటే ఆమెకు దిష్టి తీసి పారేయడానికి మాత్రమే రంభ పనికొస్తుందని. ఇంత క్రూరమైన పొగడ్త మరో భాషలో ఉందేమో నాకు తెలియదు. మిర్చి వ్యాపారివి కాబట్టి నీకు ఆ మాట వాడే హక్కు ఎక్కువే.

తలదన్ను దగ్గర వ్యాకరణం ఒకటి చూడండి. తలన్ + తన్ను. ద్రుతం (ఆ చివరి న్) మీద పరుషం (త) సరళం (ద) అవుతుంది కాబట్టి తలఁదన్ను. తలదాల్చు కూడా ఇలాగే. దిగన్ + తుడుపు, దిగఁదుడుపు. బాలవ్యాకరణంలో మొదట్లోనే నేర్పే సూత్రం, తరువాత మనం అరసున్న పారేసి మరిచిపోయాం. ఇక సామెత అందరికీ తెలిసిందే. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఒకడుంటాడు. అక్కడ అది గర్విష్ఠి నోరు మూయించే మాట. ఎంత కాదన్నా లోపల కాలు ఉంది. సారు ఫొటో కింద కాలు వద్దు.

మానిక | గురువారం, ఉదయం 7:45

పంతులుగారూ, "బలాదూర్" కూడా అలాంటిదేనా? "వాడి ముందు అందరూ బలాదూర్" అంటాం కదా. మా పక్కింటి చాచా చెప్పారు, ఉర్దూలో బలా అంటే ఆపద, దూర్ అంటే దూరం. అదీ దిష్టి మాటే అనిపిస్తోంది నాకు. పనీపాటా లేకుండా బలాదూర్ తిరగడం అన్నదానికి ఎలా ముడిపడిందో మాత్రం చాచాకూ అంతుపట్టలేదు.

కాజీపేట ప్యాసింజర్ | గురువారం, ఉదయం 8:10

చాలా నేర్చుకుంటున్నాను. అధిగమించిన మిగిలింది.

నిఘంటువు పురుగు | గురువారం, ఉదయం 8:34

సంస్కృతంలో అధిగమించడం అంటే పొందడం, చేరుకోవడం, నేర్చుకోవడం. దాటిపోవడం కాదు. తెలుగులోకి వచ్చాక అర్థం మారింది. ఇప్పుడు కష్టాలను అధిగమిస్తాం, లక్ష్యాన్ని అధిగమిస్తాం, రోడ్డు మీద...

ప్రూఫు గది | గురువారం, ఉదయం 8:36

...ముందు వెళ్తున్న లారీని అధిగమించబోయి చెట్టును ఢీకొంటాం. ఆ వాక్యం మా దగ్గర అచ్చు దిమ్మలా సిద్ధంగా ఉంటుంది. సారును ఆ క్రియ దగ్గరికి తేకండి.

ఏనుమాముల మిర్చి | గురువారం, ఉదయం 9:15

ఒక ప్రశ్న. వేయిస్తంభాల గుడి 1163లో కట్టారు. రామప్ప 1213. అంటే 50 ఏళ్ల తరువాత వచ్చిన రామప్ప దాన్ని మించిందా, తలదన్నిందా? 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది రామప్పకే కదా.

తంగేడుపువ్వు | గురువారం, ఉదయం 9:22

మించడం ఏమిటి? హనుమకొండ నందిని చూసి మాట్లాడండి.

గోదావరి ఒడ్డు | గురువారం, ఉదయం 9:25

రామప్ప మదనికలను చూసి మీరు మాట్లాడండి.

నిర్వాహకుడు | గురువారం, ఉదయం 9:31

గుళ్ల పోటీ ఇక్కడ వద్దు. దీని కింద వచ్చిన పదకొండు వ్యాఖ్యలు తీసేశాను. వాటిలో నాలుగు నావే. ప్యాసింజర్ గారూ, ఫ్లెక్సీకి ఇంకా ఆర్డరు ఇవ్వలేదు కదా? మించిపోయింది లేదు, ఏదో ఒకటి తేల్చుకోండి.

కాజీపేట ప్యాసింజర్ | గురువారం, ఉదయం 9:40

"పాఠం చెప్పడంలో అందరినీ మించిన మా సారుకు వందనం." ఇదే ఖాయం చేస్తున్నాను.

తంగేడుపువ్వు | గురువారం, ఉదయం 9:48

ఆగండి. వేదిక మీద ఇంకెవరుంటారు?

కాజీపేట ప్యాసింజర్ | గురువారం, ఉదయం 9:50

లెక్కల సారు, సైన్సు టీచరు, సోషల్ సారు. అప్పటి హెడ్మాస్టరు కూడా వస్తామన్నారు.

తంగేడుపువ్వు | గురువారం, ఉదయం 9:57

వాళ్లంతా ఆ ఫ్లెక్సీ కింద రెండు గంటలు కూర్చుంటారు. "అందరినీ మించిన" అంటే ఆ అందరూ ఎవరు? నేనూ బడిలోనే పనిచేస్తున్నాను. ఇలాంటి సభలో కూర్చుని చప్పట్లు కొట్టాను, అందుకే చెబుతున్నాను. ఈ క్రియతో వచ్చిన చిక్కు అదే. మించినవాడి పక్కన తగ్గినవాడు తప్పనిసరిగా ఉండాలి. మీరు, తలదన్ను, దిగదుడుపు ఏది తీసుకున్నా అంతే, ఒకరిని కింద పెట్టాకే ఇంకొకరు పైకి లేస్తారు.

మానిక | గురువారం, ఉదయం 10:06

అయితే సాటిలేని, మేటి, దిట్ట లాంటివి పెట్టుకోవచ్చుగా అక్కా? వాటిలో ఓడిపోయినవాడు కనబడడు.

పాత పంతులు | గురువారం, ఉదయం 11:30

అమ్మాయి మంచి మాట అంది. మానిక చెప్పినవి బాగానే ఉన్నాయి గానీ ప్రతి ఫ్లెక్సీ మీదా అవే. మించిన ఉండాలనే అనుకుంటే రెండో వ్యక్తిని తీసేయండి. "ఏటికేడు తనను తానే మించిన మా తెలుగు సారు."

ప్రూఫు గది | గురువారం, ఉదయం 11:34

దిద్దడానికి ఏమీ లేదు.

కాజీపేట ప్యాసింజర్ | గురువారం, మధ్యాహ్నం 12:02

పంతులుగారూ, మీ కాళ్లకు దండం. ఇప్పుడే దుకాణానికి ఫోను చేసి చెప్పేశాను.

ప్రూఫు గది | గురువారం, మధ్యాహ్నం 12:05

ఫోనులో చెప్పారా? రాసి పంపండి.

కాజీపేట ప్యాసింజర్ | సోమవారం, రాత్రి 10:20

ఆలస్యానికి మన్నించండి. అయ్యింది చెబుతాను.

ఆదివారం పొద్దున పదింటికి ఫ్లెక్సీ వచ్చింది. కట్టేటప్పుడు ఎవరూ చదవలేదు, తాళ్ల గొడవలో ఉన్నాం. సారు వచ్చి కుర్చీలో కూర్చోకుండా తిన్నగా దాని ముందుకు వెళ్లి నిలబడ్డారు. అప్పుడు చూశాను. "ఏటికేడు తనను తానే మిగిలిన మా తెలుగు సారుకు వందనం."

నా కాళ్ల కింద నేల కదిలింది. సారు కళ్లద్దాలు పైకి తోసుకుని రెండుసార్లు చదివారు. "ఎవరు రాశారు?" అన్నారు. చెయ్యెత్తాను, పదో తరగతిలోలాగే. "మిగిలిన అని తెలిసే రాశావా?" అన్నారు. అబద్ధం చెప్పలేక, చెప్పింది మించిన అని, ఫోనులో అలా వినబడిందని ఒప్పుకున్నాను. "పాత తెలుగులో మిగలడం అంటే మించడమే. దీన్ని దిద్దను" అన్నారు. నిఘంటువు పురుగు గారూ, మీరు బుధవారమే రాశారు, నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఊపిరి పీల్చుకునేలోపు ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, కుర్చీ లాక్కుని ఎక్కి, పైన పెద్ద అక్షరాల దగ్గర సున్న చుట్టారు. "సన్మాణ సభ" అని ఉంది. నలభై మందిమి పొద్దుటి నుంచి దాని కిందే తిరుగుతున్నాం.

పాత పంతులు | మంగళవారం, ఉదయం 6:00

ఆ సారును ఒకసారి కలవాలి నేను.

తంగేడుపువ్వు | మంగళవారం, ఉదయం 7:15

లెక్కల సారు ఏమన్నారు?

కాజీపేట ప్యాసింజర్ | మంగళవారం, ఉదయం 7:40

ఆయన మమ్మల్ని లెక్కపెట్టి, భోజనాలు ముగ్గురికి తక్కువ వస్తాయన్నారు. సరిగ్గా ముగ్గురికే తక్కువ వచ్చాయి.

ఏనుమాముల మిర్చి | మంగళవారం, ఉదయం 8:05

ఫ్లెక్సీ పారేయకండి, మంచి గట్టి సరుకు.

కాజీపేట ప్యాసింజర్ | మంగళవారం, ఉదయం 8:30

పారేయలేదన్నా. మా ఊరికి తీసుకుపోయి కల్లంలో ఆరబోసిన మిర్చి మీద కప్పారు, రాత్రి మంచుకు. అక్షరాలు పైకి ఉన్నాయట. పక్క కల్లం రైతు తెల్లవారి చదివి "ఎవరు మిగిలారు?" అని మా నాన్నను అడిగాడట.